ధ్వనిముద్రణములలోని రొదయు, దానిని తొలగించు విధానమును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమనగా పుస్తకముల బీరువాలు గల గది యని చాలకాలముగా లోకమునకు వాడుక. కాని కాసెట్టు టేపులు వచ్చిన పిమ్మట ప్రతి గ్రామములోను పుస్తకరూపము పొందని వాఙ్మయము కొంత పోగుపడినది. శ్రీరామనవమి పందిటిలో చెప్పిన హరికథ, నాట్లు వేయుచు స్త్రీలు పాడుకొన్న పాట, బుర్రకథ దళమువారి ఒక రాత్రి ప్రదర్శనము, కాలధర్మము నొందిన తాతగారు మనుమనికి చెప్పిన ఊరి పూర్వచరిత్ర, ఇట్టివానిని ఎవరో ఒక ఉత్సాహవంతుడు టేప్ రికార్డరుతో పట్టి యుంచినాడు. వీనిలో పెక్కింటికి వ్రాతప్రతి లేదు. చెప్పినవారు లేరు. కాసెట్టు ఒక్కటే ఆధారము.

అట్టి కాసెట్టును వినబోయినచో మొదట చెవిని బడునది దాసుగారి గొంతు కాదు, రొద. టేపు బుస, పందిరి వెనుక జనరేటరు హోరు, మైకు గుయ్యిమనుట, పిల్లల కేకలు, వీనినన్నిటిని దాటుకొని గొంతు వినవలసి యున్నది. ఈ రొదను తొలగించు సాఫ్ట్‌వేర్ నేడు సామాన్యుని కంప్యూటరులో సయితము దొరకుచున్నది. కొన్ని ఉచితముగనే లభించుచున్నవి. చాకిరేవులో బట్టకు మురికి వదలినట్లు పాటకు రొద వదలి పోవునని పలువురు తలచుచున్నారు. ఆ పోలిక సరికాదు. మురికి వదలిన పిమ్మట బట్ట బట్టగనే మిగులును. ఇక్కడ జరుగునది కళ్ళములో ధాన్యమును తూర్పారబట్టుట వంటిది. చేట నుండి జారు ధాన్యములో గట్టిగింజ సూటిగా పడును, పొట్టు గాలికి పోవును. కాని గాలి ఎక్కువైనచో పొట్టుతో పాటు తేలికగింజయు పోవును. తక్కువైనచో తప్పయు తాలును రాశిలోనే మిగులును. గాలికి గింజ యేదో పొట్టు యేదో తెలియదు, బరువు మాత్రమే తెలియును. సాఫ్ట్‌వేర్ స్థితియు అంతియే.

రొద జన్మస్థానము తెలియనిదే చికిత్స కుదరదు. 1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానమును ముద్రించిన నాటికి మైకు అను సాధనమే ముద్రణశాలలలో లేదు. గాయకులు బాకా వంటి గొట్టములోనికి పాడవలసి యుండెను. విద్యుత్తుతో ముద్రించుట 1925లో గాని వ్యాప్తికి రాలేదు. నిమిషమునకు 78 చుట్లు తిరిగెడి ఆ పలకలు లక్కతో చేసినవి. లక్కలో రాతిపొడి కలిపెడివారు. ఉక్కుసూది ఆ గరుకునకు అరిగి గాడి ఆకారమునకు సరిపడవలెనని ఉద్దేశము. సూదిని అరుగదీసిన ఆ గరుకే పలకను మ్రోగించినపుడెల్ల బుసగా వినబడును. గీతలు పడినచోట చిటపటలు పుట్టును.

కాసెట్టు టేపు సంగతి వేరు. సన్నని ప్లాస్టిక్కు పట్టీపై ఇనుప ఆక్సైడు రేణువులను పూసి యుందురు. ప్రతి రేణువును ఒక చిన్న అయస్కాంతము. అవి క్రమము లేక పడియుండుటచేత ఏ ధ్వనియు ముద్రింపని టేపు కూడ బుసకొట్టును. పట్టీ వెడల్పు 4 మిల్లీమీటర్లకు లోపు. నడక సెకనుకు 4.76 సెంటీమీటర్లు. ఇంత సన్నని త్రోవలో ఇంత మందముగా నడచుటచే బుస పాలు హెచ్చినది. ఇక గుయ్యిమను ధ్వని విద్యుత్తీగల నుండి దిగునది. ఈ దేశములో విద్యుత్ప్రవాహము సెకనుకు 50 మారులు ఊగుచుండును గనుక ఆ గుయ్యి 50, 100, 150 ఆవృత్తుల వద్ద నిలుచును. అమెరికాలో ముద్రించిన టేపులో అది 60, 120 వద్ద నుండును. ఇట్లు ఒక్కొక్క రొదకు ఒక్కొక్క చిరునామా కలదు.

ఆ చిరునామాను పట్టియిచ్చునది వర్ణపటము. సూర్యకాంతి వానచినుకుల గుండ పోవునపుడు రంగులుగా విడిపోయి ఇంద్రధనుస్సగుట అందరు ఎరిగినదే. ఎంత చిక్కుపడిన కంపనమైనను సాదా కంపనముల మొత్తముగా విడదీయవచ్చునను భావమును ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే 1822లో ప్రకటించిన ఉష్ణసిద్ధాంత గ్రంథములో ప్రతిపాదించెను. వేడిమిని గూర్చి వ్రాసిన గ్రంథము పాటలకు అక్కరకు వచ్చుట విద్యలోని చమత్కారము! ఆ లెక్క చేతితో చేయ దుర్భరము. తొలినాటి కంప్యూటర్లకును భారమే. 1965లో కూలీ, టూకీ అను ఇరువురు దానిని శీఘ్రముగా చేయు పద్ధతిని ప్రచురించిన పిమ్మట గాని అది ధ్వనిశాస్త్రమునకు నిత్యోపకరణము కాలేదు.

కంప్యూటరు ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఆ అంకెలను 2,048 చొప్పున తునకలు చేసినచో ఒక్కొక్క తునక సుమారు సెకనులో 22వ వంతు కాలమగును. ఒక్కొక్క తునకను ఫూరియే లెక్కకు పెట్టినచో వేయికి పైగా అరలు ఏర్పడును. అడుగు అరలలో మంద్రధ్వనులు, పై అరలలో తారధ్వనులు. ఏ అరలో ఎంత బలమున్నదో చూపుచు తునకల నొకదాని ప్రక్కన నొకటి పేర్చినచో ధ్వని యొక్క చిత్తరువు తెరపై కనిపించును. ఆ చిత్తరువు చూచుటయే ఒక వేడుక. విద్యుత్తు గుయ్యి అడుగున గీసిన తిన్నని గీతవలె, టేపు బుస అంతట పరచుకొన్న మంచువలె నుండును. సూది చిటపట నిట్టనిలువు గీత. కుక్క మొరిగినచో ఒక మరక. పాడువాని గొంతు మాత్రము ఒకదానిపై నొకటిగా వంపులు తిరిగిన నాగటిచాళ్ళవలె కనుపట్టును. గమకము వేసినచోట ఆ చాళ్ళన్నియు కలసి ఊగును. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ కుక్క మొరుగు మరకను కుంచెతో అద్దినట్లు తుడిచివేయు సదుపాయము కూడ కలదు.

రొదను తీసివేయు మూలసూత్రము 1979లో స్టీవెన్ బోల్ ప్రచురించిన వర్ణపట వ్యవకలనము. దాని తీరు సులభము. పాటగాని మాటగాని లేక కేవలము రొద మాత్రమే వినవచ్చు అరసెకను, ఒక సెకను భాగమును చూపవలెను. అది చాలవరకు పాట మొదలగుటకు ముందో, చెప్పువారు ఊపిరి తీసికొన్నచోటనో దొరకును. సాఫ్ట్‌వేర్ ఆ భాగమును చూచి ఏ అరలో సగటున ఎంత రొద యున్నదో పద్దు వ్రాసికొనును. పిమ్మట ముద్రణమంతయు తునక తునకగా, అర అరగా పరీక్షించును. పద్దులోని మట్టమును దాటిన అరను గింజ యని విడిచిపెట్టును; దాటని అరను పొట్టు అని అణచివేయును. తునకల నడుమ అతుకు కనబడకుండ వానిని ఒకదానిపై నొకటి కొంత కప్పి మరల కూర్చును. 2000 సంవత్సరములో విడుదలయై ఉచితముగ లభించుచున్న ఆడాసిటీ అను సాఫ్ట్‌వేర్ ఈ మార్గమునే అనుసరించుచున్నది. దానిని నడుపుట గ్రామములోని పదవ తరగతి విద్యార్థికి ఒక మధ్యాహ్నపు పని.

నడుపుట సులభమే, ఎంత నడుపవలెనన్నదే చిక్కు. రొద ఎప్పుడును సగటు వద్ద కదలక నిలువదు, ఎగిసి పడుచుండును. సగటు మట్టమున కోసినచో ఎగిసిన తునుకలు అక్కడక్కడ మిగిలి, క్షణకాలము మెరసి మాయమగును. అవి నీటిబుడగలు చిటిలినట్లు, పిచ్చుకలు కిచకిచలాడినట్లు వినబడును. ఇంగ్లీషువారు దీనికి సంగీతపు రొద యని పేరు పెట్టిరి. సంగీతమున కింతకంటె అవమానము లేదు. ఆ 1979లోనే బెరూటీ మొదలగువారు దీనికి మార్గము చూపిరి. రొదను కొంచెము అధికముగా తీసివేసి, అడుగున పలుచగా కొంత రొదను బుద్ధిపూర్వకముగ మిగిల్చిన యెడల ఆ కిచకిచలు దానిలో కలిసిపోవును. నిశ్శబ్దమునకై ఆశపడినవానికి బుడగలు, కొంత రొదకు ఓర్చుకొన్నవానికి గొంతు దక్కును. 6 డెసిబెళ్ళు తగ్గించుట యనగా రొద అలల ఎత్తును సగము చేయుట. 12 డెసిబెళ్ళనగా నాలుగవ వంతు చేయుట. గ్రామపు కాసెట్లకు ఈ రెంటి నడుమ ఆగుట ఉచితము. సాఫ్ట్‌వేర్ 40 వరకు పోనిచ్చునంత మాత్రమున పోనక్కరలేదు.

తెలుగు ముద్రణముల విషయములో మరింత జాగ్రత్త అవసరము. వ్యాకరణములలో శ, ష, స, హ అను వానికి ఊష్మములని పేరు. ఊష్మమనగా వేడి ఆవిరి. నోటినుండి ఒత్తుకొని వచ్చు గాలియే ఆ అక్షరము. దానికి నాగటిచాళ్ళు లేవు, మంచుతెర మాత్రమే కలదు. సకారపు బలము చాలవరకు 4,000 ఆవృత్తులకు పైన నుండును. కాసెట్టు బుసయు చెవికి మిక్కిలి తోచునది ఆ ప్రాంతముననే. యంత్రము దృష్టిలో ఇవి రెండును ఒక్క జాతివే. గాలి ఎక్కువ పెట్టినచో మొదట ఎగిరిపోవు తేలికగింజలు ఇవియే. ఆ వెనుకనే వర్గాక్షరముల ఒత్తులు పోవును. ఒత్తు అనగా అక్షరము వెంట వెలువడు చిన్న ఊపిరి మాత్రమే గదా. అది పోయినచో కథ కత యగును, ఘటము గటమగును.

ఇది వినసొంపునకు సంబంధించిన చిన్న లోపమని తీసివేయరాదు. పల్లెల పలుకుబడిలో ఒత్తులు ఎక్కడ పలుకుదురో, ఎక్కడ పలుకరో, శ స ల భేదమును ఎవరు పాటింతురో మాండలిక పరిశోధకులు శ్రద్ధతో గమనింతురు. ఒక ముదుసలి స్పష్టముగా ఒత్తి పలికిన మాటను సాఫ్ట్‌వేర్ మ్రింగివేసెననుకొందము. ఆమె ఒత్తులు పలుకదని ఒక పరిశోధకుడు వ్రాసికొనును. కాదనుటకు ఆమె లేదు. అసలు టేపు చెత్తబుట్ట పాలైనచో మరి సాక్ష్యమును లేదు. ఆమె నోటి మాటను మార్చినవాడు ఎవడు? రొద తీసి మేలు చేయుచున్నానని నమ్మిన శ్రద్ధాళువే!

తంబురా గతి మరింత విచిత్రము. దాసుగారు నోరు తెరవకముందే తంబురా మీటుచుండును. రొద నమూనాకై మొదటి సెకనును చూపినచో తంబురా కూడ పద్దులోనికి ఎక్కును. అది జనరేటరువలె ఎడతెగక, మారక మ్రోగును గనుక యంత్రమునకు జనరేటరునకును తంబురాకును భేదము కనబడదు. హరికథ యంతయు శ్రుతి లేకుండ పోవును. గొంతు గాలిలో వ్రేలాడును. హార్మణి శ్రుతికిని ఇదే ప్రమాదము. చిడతల మ్రోతకు, గజ్జెల సవ్వడికి గొంతునకున్న వరుసచాళ్ళు లేవు. అవి పై అరలలో చెదరి యుండును గనుక సగము తెగి మొద్దుబారును. గుయ్యిని తీయుటకు 50, 100 ఆవృత్తుల వద్ద మరీ వెడల్పుగా కోసినచో బుర్రకథలోని గుమ్మెట గుండె తగ్గును. రాగాలాపన చివర గొంతు సన్నగిల్లుచు మౌనములో కలియు భాగము రొద మట్టమునకు క్రిందుగా దిగినంతనే కత్తెర పడును. విన్నవారు, గాయకునికి ఊపిరి చాలలేదందురు.

కావున నమూనాను ఎన్నుకొనువాడు యంత్రజ్ఞుడు మాత్రమే యైన చాలదు. హరికథ ఎరిగినవాడు ప్రక్కన కూర్చుండవలెను. ఇంకొక ఉపాయము కూడ కలదు. రొద తీసిన ప్రతిని కాక, తీసివేయబడిన రొదను విడిగా వినవచ్చును. ఆడాసిటీలో అట్టి ఏర్పాటున్నది. ఆ త్రోసివేసిన దానిలో కేవలము బుస వినబడినచో పని సరిగా సాగుచున్నది. అందులో దాసుగారు గుసగుసలాడుచున్నచో గింజ పొట్టుతో పోవుచున్నదని తెలిసికొని గాలి తగ్గింపవలెను. రైతు పొట్టుకుప్పలో చేయి పెట్టి చూచుట లేదా!

సాఫ్ట్‌వేర్ దాకా పోకముందే చేయదగినది కొంత కలదు. టేపు ఆడించు యంత్రపు తలను శుభ్రపరచుట, ఆ తల వాలును టేపునకు సరిగా సవరించుట అను రెండు పనులవలన మరల లభించు స్పష్టత తరువాత ఎంత లెక్కకట్టినను లభింపదు. డాల్బీ గుర్తు సంగతియు చూచుకొనవలెను. రే డాల్బీ అను అమెరికా ఇంజనీరు 1963 మొదలు 1965 వరకు యునెస్కో సలహాదారుగా భారతదేశములో పనిచేసి, 1965లో లండనులో తన ప్రయోగశాలను స్థాపించెను. ఆయన మార్గము రొద చేరిన పిమ్మట తీయుట కాదు. ముద్రించునపుడే మెల్లని ధ్వనులను పెంచి, ఆడించునపుడు అంతే తగ్గించుట. నడుమ చేరిన టేపు బుసయు దానితో తగ్గును. కావున డాల్బీతో ముద్రించిన కాసెట్టును డాల్బీతోనే ఆడింపవలెను. అది లేక ముద్రించిన దానిని డాల్బీ మీట నొక్కి ఆడించినచో పై ధ్వనులు అకారణముగ మొద్దుబారును.

ఎంతటి విద్యకైనను హద్దు కలదు. ధ్వని రొద క్రింద మరుగుపడి యుండుట వేరు, చెరగిపోవుట వేరు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కార్యాలయములో 1972 జూన్ 20వ తేదీని ముద్రితమైన ఒక టేపులో పదునెనిమిదిన్నర నిమిషముల మేర మాట లేదు, గుయ్యి మాత్రమే యున్నది. 1974లో న్యాయస్థానమునకు నివేదిక నిచ్చిన ఆరుగురు నిపుణులు, దానిపై కనీసము అయిదు మారులు వేరువేరుగా చెరిపి మరల ముద్రించిరని తేల్చిరి. ఆ నిపుణులలో నొకడైన థామస్ స్టాక్‌హామ్ పిమ్మట కరూసో అను ఇటలీ గాయకుని పాత పలకలలో బాకా గొట్టము చేర్చిన వికారమును కంప్యూటరుతో సవరించి ప్రసిద్ధుడయ్యెను. ఆ గానము 1976లో మరల వెలువడినది. ఆ టేపు నుండి మాటలను రాబట్టుటకు అమెరికా జాతీయ పత్రభాండారమువారు మరల పరీక్షలు జరిపించి, 2003లో అది సాధ్యము కాదని విరమించిరి. గొట్టము వికృతము చేసిన గొంతు తిరిగి వచ్చినది. చెరిపిన మాట రాలేదు.

నేడు వర్ణపట వ్యవకలనమును దాటి, వేలకొలది గంటల మాటలను వినిపించి కంప్యూటరుకు మనుష్యకంఠము ఇట్లుండునని నేర్పు మార్గములు వచ్చినవి. టెలిఫోను సంభాషణలలో వెనుకటి రొద అణగిపోవుట చాలవరకు వాని చలవయే. మాటకు అవి మిక్కిలి ఉపకరించును. కాని మాట మాత్రమే నేర్చినదానికి నాదస్వరము రొదయే. పైగా, వీనిలో కొన్ని తెగినచోట తమకు తోచిన ధ్వనిని పూరించును. తాళపత్రములలో పురుగు తిన్నచోట గ్రంథపాతమని చుక్కలు పెట్టిన పరిష్కర్తను పండితులు గౌరవింతురు. స్వకపోలకల్పితముగ పూరించి, పూరించితినని చెప్పనివానిని గౌరవింపరు. ధ్వనికి వేరు ధర్మము లేదు.

ధ్వనిభాండారముల అంతర్జాతీయ సంఘమువారి నియమము కూడ ఇట్టిదే. భద్రపరచు ప్రతిలో రొద తీయరాదు, ఉన్నదున్నట్లు దింపవలెను. సెకనుకు 96,000 కొలతలతో, ఒక్కొక్క కొలతను 24 బిట్లతో వ్రాయుట మేలని వారి సలహా. ఆ లెక్కన ఒకే వరుస ధ్వని గంటకు సుమారు ఒక గిగాబైటు పట్టును. నూరు గంటల హరికథలు అరచేతిలో నిముడు డిస్కులో భద్రముగ నుండును. దానిని వేవ్ రూపములోనే ఉంచవలెను. ఎంపీత్రీగా కుదించినచో తిరిగిరాని నష్టము జరుగును. రొద తీసిన ప్రతి వేరుగా, వినువారి కొరకు తయారు కావలెను. పుస్తకముల పట్టికలో ప్రతికర్త పేరు వ్రాసినట్లు దాని వెంట ఒక చీటి యుండవలెను: ఏ సాఫ్ట్‌వేరుతో, ఎన్ని డెసిబెళ్ళు, ఏ భాగమును నమూనాగా చూపి, ఏ తేదీని, ఎవరు తీసిరి. ఈ సాఫ్ట్‌వేర్లు పదియేండ్లకొకమారు మెరుగగుచున్నవి. అసలు ప్రతి చెడక యున్నచో తరువాతివారు అదే హరికథను ఇంతకంటె నేర్పుతో మరల తూర్పారబట్టుకొందురు.

అసలు కాసెట్టును పారవేయరాదు. స్పీకర్ల అయస్కాంతమునకు, ఎండకు, తేమకు దూరముగ, పెట్టెలో నిలువుగ నిలిపి, పాడినవారి పేరును, ఊరును, సంవత్సరమును పెట్టెపై పెన్సిలుతో వ్రాయవలెను. ఆ పేర్లు తెలిసినవారు కొందరు ఇంకను గ్రామములో నున్నారు. వారిని ముందుగా అడిగి వ్రాసికొనుట మంచిది.